నడుస్తున్న డాకర్ కంటైనర్‌ని ఇమేజ్‌గా మార్చడం ఎలా? ఏది వస్తుంది, ఏది రాదు?

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు ఉందనుకోండి. ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) వచ్చాయి, కాటాలో ఎంత తూగింది, రైతుకి ఎంత ఇవ్వాలి అనే లెక్కంతా ఒక చిన్న పీహెచ్‌పీ ప్రోగ్రాంలో నడుస్తోంది, ఆ ప్రోగ్రాం ఆఫీసు మూల ఉన్న పాత డెస్క్‌టాప్‌లో డాకర్ కంటైనర్‌గా ఉంది, అంటే తనకి కావాల్సిన ఫైళ్లన్నిటితో కలిపి విడిగా నడిచే పెట్టె లాంటిదన్నమాట. సెటప్ చేసిన కుర్రాడు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్లిపోయాడు. డాకర్‌ఫైల్ (ఇమేజ్‌ని ఎలా కట్టాలో వరసగా రాసిన ఫైలు) లేదు. కంటైనర్ లోపలికి వెళ్లి చేత్తోనే ఏవో ప్యాకేజీలు వేసి, ఏవో కాన్ఫిగ్ ఫైళ్లు దిద్ది, పని జరుగుతోంది కదా అని వదిలేశాడు. ఇప్పుడు ఆ డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ టకటకమంటోంది, దీన్ని విజయవాడ బ్రాంచిలో ఉన్న కొత్త సిస్టంకి మార్చమని మీకు చెప్పారు, "బిల్లులు మాత్రం ఆగకూడదయ్యా" అని కూడా అన్నారు.

ఇలాంటప్పుడు పనికొచ్చేదే డాకర్ కమిట్, కంటైనర్‌ని ఇమేజ్‌గా, అంటే కొత్త కంటైనర్లు పుట్టించే అచ్చుగా మారుస్తుంది. డాకర్ 2013లో బయటికొచ్చినప్పటి నుంచీ ఉన్న కమాండ్ ఇది. ఒక్క లైనుతో పని అయిపోతుంది, అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. ఎర్రర్ ఏమీ రాదు, ఇమేజ్ తయారవుతుంది, అంతా వచ్చేసిందనుకుంటాం, తీరా కొత్త సిస్టంలో చూస్తే సీజన్ మొత్తం బిల్లులు కనపడవు. అందుకే ఈ గైడ్‌లో కమాండ్ కంటే దానికి ముందు చూసుకోవాల్సిన వాటి గురించే ఎక్కువ రాశాను.

కమాండ్లు కూడా తెలుగు అక్షరాల్లోనే ఇచ్చాను. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో టైప్ చేయండి, ఎక్కడైనా పెద్ద అక్షరాలు కావాలంటే అక్కడే చెప్తాను. వెబ్ కంటైనర్ పేరు మిర్చిబిల్లు, డేటాబేస్ కంటైనర్ పేరు మిర్చిడీబీ అనుకుందాం, మీ దగ్గర ఏ పేర్లుంటే అవి పెట్టుకోండి.

ముందు ఏముందో చూడండి

డాకర్ పీఎస్ -ఎ -ఎస్

ఇది ఆగిపోయిన కంటైనర్లను కూడా చూపిస్తుంది, చివర సైజు కూడా ఇస్తుంది. సైజు దగ్గర రెండు అంకెలుంటాయి. మొదటిది ఈ కంటైనర్ తన సొంతంగా రాసుకున్న లేయర్ (ఇమేజ్ మీద చేరిన మార్పుల పొర) సైజు, వర్చువల్ అని ఉండేది కింద ఉన్న ఇమేజ్‌తో కలిపి మొత్తం. కమిట్ చేస్తే కొత్తగా చేరేది ఆ మొదటి అంకె అంత. అది పదో పాతికో ఎంబీ ఉంటే టెన్షన్ లేదు. జీబీల్లో ఉంటే లోపల లాగ్ ఫైళ్లో, ఎవరో అప్‌లోడ్ చేసిన స్కాన్ కాపీలో పేరుకుపోయి ఉంటాయి.

కంటైనర్ ఆగిపోయి ఉన్నా కమిట్ చేయొచ్చు, నడుస్తూ ఉండాలనేం లేదు. కాకపోతే రన్ చేసినప్పుడు --ఆర్ఎమ్ పెట్టి ఉంటే మాత్రం జాగ్రత్త, అది ఆగిన మరుక్షణం కంటైనరే మాయమవుతుంది, ఇక కమిట్ చేయడానికి ఏమీ మిగలదు. అలాంటి దాంట్లో షెల్ తెరిచి ఉంటే ఎగ్జిట్ కొట్టకుండా ఇంకో టెర్మినల్ తెరిచి అక్కడి నుంచి కమిట్ చేయండి.

తర్వాత ఇది:

డాకర్ డిఫ్ మిర్చిబిల్లు

అసలు ఇమేజ్‌తో పోలిస్తే కంటైనర్‌లో ఏ ఫైళ్లు మారాయో వరసగా వస్తుంది. లైను ముందు ఎ ఉంటే కొత్తగా చేరింది, సి ఉంటే మారింది, డి ఉంటే తీసేశారు. లిస్టు చాంతాడంత ఉండొచ్చు, ఒక టెక్స్ట్ ఫైల్లోకి మళ్లించుకుని తీరిగ్గా చదవండి. నా దృష్టిలో మొత్తం పనిలో ఎక్కువ ఉపయోగపడే కమాండ్ ఇదే, ఆ కుర్రాడు ఏం చేశాడో ఫోన్ చేసి అడగక్కర్లేకుండా ఇదే చెప్తుంది. ఈటీసీ ఫోల్డర్‌లో ఏ కాన్ఫిగ్ మారింది, యూఎస్ఆర్ కింద ఏ ప్యాకేజీలు దిగాయి, అన్నీ కనిపిస్తాయి. ఈ ఫైలు పారేయకండి, చివర్లో మళ్లీ కావాలి.

వాల్యూమ్‌లు: మోసపోయేది ఇక్కడే

కమిట్ పట్టుకునేది కంటైనర్ సొంత లేయర్‌ని మాత్రమే. వాల్యూమ్‌గా (డాకర్ కంటైనర్ బయట దాచే చోటు) తగిలించిన ఫోల్డర్లు, హోస్ట్ (డాకర్ నడుస్తున్న సిస్టం) నుంచి మౌంట్ చేసిన ఫోల్డర్లు అందులోకి రావు. డిఫ్‌లో కూడా కనపడవు, అందుకే డిఫ్ చూసి అంతా తెలిసిపోయిందనుకోవద్దు. ఇది కొట్టండి:

డాకర్ ఇన్‌స్పెక్ట్ మిర్చిబిల్లు

పెద్ద జేసన్ వస్తుంది, అందులో మౌంట్స్ అనే భాగం వెతకండి. అక్కడ డెస్టినేషన్ అని ఏ ఫోల్డర్లు రాసి ఉంటే అవి ఇమేజ్‌లోకి రావని అర్థం. ఖాళీగా ఉంటే మంచిదే.

"మేము వాల్యూమ్ ఏమీ పెట్టలేదండీ, ఊరికే రన్ చేశాం" అంటారు చాలామంది. మీరు పెట్టకపోయినా ఇమేజ్ తయారు చేసినవాళ్లు పెట్టి ఉండొచ్చు. మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ అధికారిక ఇమేజ్‌లు రెండూ డేటా ఫోల్డర్‌ని వాల్యూమ్‌గా ముందే ప్రకటించి ఉంచుతాయి, కాబట్టి మీరు ఏమీ ఇవ్వకపోతే డాకరే ఒక పేరులేని వాల్యూమ్ సృష్టించి తగిలిస్తుంది. అంటే మిర్చిడీబీని కమిట్ చేస్తే మీకు దొరికేది ఖాళీ డేటాబేస్ ఉన్న మైఎస్‌క్యూఎల్ ఇమేజ్. డేటాబేస్ కంటైనర్‌ని కమిట్ చేయడం దండగ పని, దాని డేటాని డంప్ తీసుకోవాలి, అంటే మొత్తం ఒక ఫైల్లోకి రాయించుకోవాలి:

డాకర్ ఎగ్జెక్ మిర్చిడీబీ ఎస్‌హెచ్ -సి 'మైఎస్‌క్యూఎల్‌డంప్ --ఆల్-డేటాబేసెస్ -యురూట్ -పి"$మైఎస్‌క్యూఎల్_రూట్_పాస్‌వర్డ్"' > మొత్తం.ఎస్‌క్యూఎల్

డాలర్ గుర్తు తర్వాత ఉన్న వేరియబుల్ పేరు పెద్ద అక్షరాల్లో కొట్టాలి, అండర్‌స్కోర్లతో సహా. -యుకీ రూట్‌కీ మధ్య, -పికీ దాని తర్వాత కొటేషన్‌కీ మధ్య ఖాళీ ఉండకూడదు. డంప్ అయ్యాక ఫైలు సైజు ఒకసారి చూడండి, సున్నా బైట్లు ఉంటే పాస్‌వర్డ్ తప్పు పోయిందని అనుమానించండి.

అప్‌లోడ్ ఫైళ్ల లాంటివి వాల్యూమ్‌లో ఉంటే డాకర్ సీపీతో బయటికి తీసుకోవచ్చు, అది ఆగిన కంటైనర్ మీద కూడా పనిచేస్తుంది:

డాకర్ సీపీ మిర్చిబిల్లు:/వార్/డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ/హెచ్‌టీఎంఎల్/అప్‌లోడ్స్ ./అప్‌లోడ్స్

వాల్యూమ్ కాకపోయినా రానివి ఇంకొన్ని ఉన్నాయి. ఈటీసీ కింద హోస్ట్స్ అనే ఫైల్లో చేత్తో ఏదైనా ఐపీ అడ్రస్ రాసి ఉంటే అది రాదు, ఆ ఫైలుని డాకర్ బయటి నుంచి తగిలిస్తుంది కాబట్టి. దాన్ని కొత్త సిస్టంలో రన్ చేసేటప్పుడు --యాడ్-హోస్ట్‌తో ఇవ్వాలి. లోపల నడుస్తున్న ప్రాసెస్‌లు, మెమరీలో ఉన్నదీ రావు, ఫైళ్లే వస్తాయి. లోపల చేత్తో క్రాన్ (వేళకి పనులు నడిపే ప్రోగ్రాం) స్టార్ట్ చేసి ఉంటే దాని ఫైళ్లు వస్తాయి గానీ కొత్త కంటైనర్‌లో క్రాన్ దానంతటది లేవదు. అలాగే పోర్టులు, రీస్టార్ట్ పాలసీ, మెమరీ లిమిట్, ఏ నెట్‌వర్క్‌లో ఉంది అనేవి ఇమేజ్‌కి సంబంధించినవి కావు, అవన్నీ ఆ ఇన్‌స్పెక్ట్ అవుట్‌పుట్‌లో ఉంటాయి కాబట్టి దాన్నీ ఒక ఫైల్లో సేవ్ చేసి పెట్టుకోండి.

రాకూడనివి వచ్చేస్తాయి కూడా

పాస్‌వర్డ్‌ల సంగతి. రన్ చేసినప్పుడు -ఇ పెట్టి ఇచ్చిన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కమిట్ చేసిన ఇమేజ్‌లో కూర్చుండిపోతాయి. ఆ ఇమేజ్ ఎవరి చేతికి వెళ్తే వాళ్లు ఇన్‌స్పెక్ట్ కొట్టి డేటాబేస్ పాస్‌వర్డ్ హాయిగా చదువుకోవచ్చు. రూట్ ఫోల్డర్‌లో బ్యాష్ హిస్టరీ ఫైలు కూడా ఉంటుంది, అందులో ఎవరో పాస్‌వర్డ్‌తో సహా కొట్టిన కమాండ్లు ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ముందు ఆ హిస్టరీని ఒక కాపీ తీసుకోండి, కుర్రాడు ఏ వరసలో ఏం చేశాడో అందులో ఉంటుంది, ఆ తర్వాత కంటైనర్ లోపల దాన్ని తీసేయండి. మీరు లోపలికి వెళ్లిన షెల్ నుంచి బయటికొచ్చేటప్పుడు అది మళ్లీ హిస్టరీ రాస్తుంది, కాబట్టి తీసేసే పనిని బయటి నుంచే చేయండి:

డాకర్ ఎగ్జెక్ మిర్చిబిల్లు ఆర్ఎమ్ -ఎఫ్ /రూట్/.బ్యాష్_హిస్టరీ

ఆప్ట్‌తో ప్యాకేజీలు వేసి ఉంటే దాని చెత్త కూడా ఇప్పుడే ఊడ్చేయొచ్చు. ఆప్ట్-గెట్ క్లీన్ కొట్టి, /వార్/లిబ్/ఆప్ట్/లిస్ట్స్ లోపలివి తీసేయండి. టెంప్ ఫోల్డర్, పాత లాగ్‌లు కూడా.

ఒక చిన్న తిరకాసు ఉంది. ఈ కంటైనర్‌లో పుట్టిన ఫైలుని కమిట్‌కి ముందు తీసేస్తే నిజంగానే పోతుంది, సైజు తగ్గుతుంది. కానీ కింద ఉన్న పాత ఇమేజ్‌లోనే ఉన్న ఫైలుని తీసేస్తే అది గోడ మీద రాతకి సున్నం కొట్టినట్టే, పైకి కనపడదు, కింది లేయర్‌లో అలాగే ఉంటుంది, సైజూ తగ్గదు, కావాలనుకున్నవాడు గీకి చదవగలడు. రహస్యం ఏదైనా కింది లేయర్‌లో పడి ఉంటే ఇమేజ్‌తో కుస్తీ పట్టకుండా ఆ పాస్‌వర్డే మార్చేయడం తేలిక.

ఇప్పుడు కమిట్

కమిట్ జరుగుతున్నంతసేపూ డాకర్ ఆ కంటైనర్‌ని పాజ్ చేస్తుంది, అది డిఫాల్ట్. సగం రాసిన ఫైలు ఇమేజ్‌లోకి రాకుండా అలా చేస్తుంది. లేయర్ చిన్నదైతే మీకు తెలిసేలోపే అయిపోతుంది, పెద్దదైతే అంతసేపూ బిల్లింగ్ స్క్రీన్ బిగుసుకుపోతుంది. పాజ్ లేకుండా చేసే ఆప్షన్ ఉంది గానీ నేను వాడమనను. పొద్దున్నే యార్డులో వేలం నడుస్తూ గుమస్తాలు టకటకా ఎంట్రీలు కొడుతున్నప్పుడు కాకుండా, సాయంత్రం కొట్టు కట్టేశాకో, యార్డుకి సెలవున్న రోజో చేయండి.

డాకర్ కమిట్ -ఎమ్ "విజయవాడ సిస్టంకి మార్చే ముందు" మిర్చిబిల్లు మిర్చిబిల్లు:మార్పుముందు

-ఎమ్ తర్వాత కొటేషన్లలో ఉన్నది మీ నోట్. తర్వాత వచ్చే మొదటి పేరు కంటైనర్‌ది, రెండోది పుట్టబోయే ఇమేజ్‌ది, కోలన్ తర్వాత ఉన్నది ట్యాగ్. ఇమేజ్ పేరులో పెద్ద అక్షరాలు ఒప్పుకోదు. ట్యాగ్ ఇవ్వకపోతే లేటెస్ట్ అని అదే పెట్టుకుంటుంది, దయచేసి అలా వదిలేయొద్దు, నెల తర్వాత ఏ లేటెస్ట్ ఎప్పటిదో మీకే గుర్తుండదు. అంతా సరిగ్గా జరిగితే ఎస్‌హెచ్ఏ256 అని మొదలయ్యే పొడుగాటి లైను ఒకటి వస్తుంది.

కమిట్ చేసినప్పుడు కంటైనర్ ఏ కమాండ్‌తో మొదలైందో అదే కొత్త ఇమేజ్‌కి డిఫాల్ట్ కమాండ్ అవుతుంది. ఆ కుర్రాడు మొదట్లో బ్యాష్‌తో రన్ చేసి, లోపల చేత్తో అపాచీ స్టార్ట్ చేసి వదిలేసి ఉంటే, మీ కొత్త ఇమేజ్ కూడా బ్యాష్‌తోనే మొదలవుతుంది, -డి పెట్టి రన్ చేయగానే ఆగిపోతుంది. "ఇమేజ్ పాడైపోయింది" అని కంగారుపడేవాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. డాకర్ పీఎస్‌లో కమాండ్ కాలమ్ చూస్తే ముందే తెలిసిపోతుంది. బ్యాష్ అని ఉంటే కమిట్‌లోనే మార్చేయండి:

డాకర్ కమిట్ --చేంజ్ 'సీఎండీ ["అపాచీ2-ఫోర్‌గ్రౌండ్"]' మిర్చిబిల్లు మిర్చిబిల్లు:మార్పుముందు

సీఎండీ పెద్ద అక్షరాల్లో, లోపల డబుల్ కొటేషన్లు, బయట సింగిల్. అపాచీ2-ఫోర్‌గ్రౌండ్ అనేది పీహెచ్‌పీ అధికారిక అపాచీ ఇమేజ్‌లో వచ్చే స్క్రిప్ట్ పేరు, మీది వేరే ఇమేజ్ అయితే దాని కమాండ్ పెట్టండి. ఇదే --చేంజ్‌తో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, యూజర్, వర్క్‌డిర్, ఎక్స్‌పోజ్ లాంటివి కూడా మార్చొచ్చు, పాస్‌వర్డ్ వేరియబుల్‌ని ఖాళీ చేయడానికి కూడా పనికొస్తుంది. పాడ్‌మ్యాన్ (డాకర్ లాంటిదే ఇంకో టూల్) వాడేవాళ్లయితే డాకర్ అన్న చోట పాడ్‌మ్యాన్ అని పెట్టుకుంటే చాలావరకు ఇవే కమాండ్లు.

పాతది ఆపకముందే కొత్తది నడిపి చూడండి

డాకర్ రన్ -డి --నేమ్ పరీక్ష -పి 8081:80 మిర్చిబిల్లు:మార్పుముందు

బ్రౌజర్‌లో 8081 పోర్టు తెరిచి లాగిన్ అవ్వండి, పాత బిల్లు ఒకటి తెరవండి, ప్రింట్ కొట్టి చూడండి. ఈ పరీక్ష కంటైనర్‌కి డేటాబేస్ అడ్రస్ ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం లాగిన్ అవ్వకముందే గమనించండి. పాత సెట్టింగులే ఉంటాయి కాబట్టి అది నేరుగా అసలు డేటాబేస్‌కే తగలొచ్చు, అప్పుడు మీరు సరదాగా కొట్టిన వెయ్యి టిక్కీల టెస్ట్ బిల్లు రేపు పొద్దున అసలు లెక్కల్లో కనిపిస్తుంది. ఇందాక తీసిన డంప్‌తో ఇంకో మైఎస్‌క్యూఎల్ కంటైనర్ లేపి, పరీక్షని దానికి తగిలించండి. డంప్ సరిగ్గా ఉందో లేదో కూడా ఆ పనిలోనే తేలిపోతుంది.

విజయవాడకి పంపడం

ప్రైవేట్ రిజిస్ట్రీ (ఇమేజ్‌లు దాచుకునే సర్వర్) ఉంటే పుష్ చేసుకోండి. అందరికీ కనిపించే డాకర్ హబ్‌లో మాత్రం ఇలాంటి ఇమేజ్ పెట్టొద్దు, కారణం పైనే చెప్పాను. చిన్న ఆఫీసుకి ఫైలుగా తీసుకెళ్లడమే సులువు:

డాకర్ సేవ్ -ఓ మిర్చిబిల్లు.టార్ మిర్చిబిల్లు:మార్పుముందు

విండోస్ పవర్‌షెల్‌లో -ఓ బదులు బాణం గుర్తుతో ఫైల్లోకి మళ్లిస్తే ఫైలు చెడిపోవచ్చు, -ఓ వాడితే ఆ గొడవ లేదు. లైనక్స్‌లో అయితే తర్వాత జీజిప్ కొట్టండి, లోడ్ చేసేటప్పుడు విప్పక్కర్లేదు, డాకర్ నేరుగా చదువుకుంటుంది. ఆఫీసు నెట్ అప్‌లోడ్ స్పీడ్‌ని నమ్ముకోవడం కంటే పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బస్సెక్కితే ఒక్కోసారి పని ముందే అవుతుంది. పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి. బయల్దేరే ముందు ఎస్‌హెచ్ఏ256సమ్ కొట్టి ఆ విలువ ఫోన్‌లో ఫొటో తీసుకోండి, అక్కడ మళ్లీ కొట్టి సరిచూసుకోవడానికి. డంప్, అప్‌లోడ్స్, ఇన్‌స్పెక్ట్ ఫైలు కూడా అదే పెన్‌డ్రైవ్‌లో.

సేవ్‌ని ఎక్స్‌పోర్ట్‌తో కలగలపకండి. సేవ్ అనేది ఇమేజ్‌ని లేయర్లతో, ట్యాగ్‌తో, సెట్టింగులతో సహా దాస్తుంది, దానికి జోడీ లోడ్. ఎక్స్‌పోర్ట్ అనేది కంటైనర్‌లోని ఫైళ్లని మాత్రం ఒకే టార్‌గా తీస్తుంది, దానికి జోడీ ఇంపోర్ట్, సీఎండీ, ఎంట్రీపాయింట్, వేరియబుల్స్ అన్నీ పోతాయి. కింది లేయర్లలో దాక్కున్న చెత్త వదిలించుకోవాలంటే ఎక్స్‌పోర్ట్ బాగుంటుంది గానీ ఆ సెట్టింగులన్నీ ఇంపోర్ట్‌లో --చేంజ్‌తో మళ్లీ మీరే ఇవ్వాలి.

కొత్త సిస్టంలో:

డాకర్ లోడ్ -ఐ మిర్చిబిల్లు.టార్

ఆ తర్వాత రన్, ఈసారి పోర్టులు, వాల్యూమ్‌లు, నెట్‌వర్క్, --రీస్టార్ట్ అన్‌లెస్-స్టాప్డ్ అన్నీ ఇన్‌స్పెక్ట్ ఫైలు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటిగా ఇవ్వండి. ఆ రీస్టార్ట్ సంగతి మర్చిపోతే కరెంటు పోయి వచ్చిన రోజు మీకు ఫోన్ వస్తుంది. ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అని వస్తే కొత్త సిస్టం ప్రాసెసర్ వేరే రకం అన్నమాట, ఇంటెల్ మీద చేసిన ఇమేజ్‌ని ఆర్మ్ మీద నడపబోతున్నారు. కమిట్ చేసిన ఇమేజ్‌కి దీనికి సరైన మందు లేదు, ఆ ప్రాసెసర్ మీద మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాల్సిందే.

డాకర్‌ఫైల్ రాసేయండి

కొత్తది నడిచింది కదా అని ఇక్కడ వదిలేస్తే మీ తర్వాత వచ్చేవాడికి మీరు కూడా ఆ హైదరాబాద్ కుర్రాడే. కమిట్ ఇమేజ్ లోపల ఏముందో దాని హిస్టరీ చెప్పదు, డాకర్ హిస్టరీ కొడితే మీ నోట్ ఉన్న ఒక లైను, దాని పక్కన సైజు, అంతే. పైగా పాత సాఫ్ట్‌వేర్‌ని పాత లోపాలతో సహా గడ్డకట్టించి పెట్టుకున్నట్టే. ఉదాహరణకి లోపల పీహెచ్‌పీ 7.4 ఉంటే దానికి 2022 నవంబర్‌తోనే అధికారిక సపోర్ట్ అయిపోయింది, సెక్యూరిటీ ప్యాచ్‌లు రావు, మీరు కమిట్ మీద కమిట్ చేసుకుంటూ పోతే అది అలాగే మోసుకొస్తుంది.

చేయడం పెద్ద కష్టం కాదు. ఇందాకటి డిఫ్ లిస్టు, బ్యాష్ హిస్టరీ కాపీ రెండూ పక్కపక్కన తెరవండి. హిస్టరీలో ఆప్ట్-గెట్ ఇన్‌స్టాల్ లైన్లన్నీ డాకర్‌ఫైల్‌లో రన్ లైన్లవుతాయి. డిఫ్‌లో ఈటీసీ కింద మారిన కాన్ఫిగ్ ఫైళ్లని డాకర్ సీపీతో బయటికి లాగి, డాకర్‌ఫైల్‌లో కాపీ లైన్లుగా పెట్టండి. హిస్టరీలో సగం లైన్లు తప్పు కొట్టి మళ్లీ కొట్టినవే ఉంటాయి, అవి వదిలేయండి. బిల్డ్ చేసి, వచ్చిన ఇమేజ్‌ని కమిట్ ఇమేజ్ పక్కన వేరే పోర్టులో నడిపి, తేడా వచ్చిన ప్రతిచోటా డిఫ్‌లో ఏ ఫైలు వదిలేశారో వెతకండి. మొదటిసారే కుదరకపోవచ్చు, కమిట్ ఇమేజ్ నడుస్తూనే ఉంటుంది కాబట్టి తొందరేమీ లేదు, యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు కూర్చుని చేసుకోవచ్చు.

పాత డెస్క్‌టాప్‌లో కంటైనర్‌ని స్టాప్ చేయండి, ఆర్ఎమ్ మాత్రం చేయకండి, కనీసం ఒక నెల లెక్కలు కొత్తదాంట్లో సరిపోయేదాకా. డిస్క్ నిండిందని ఎవరైనా డాకర్ ఇమేజ్ ప్రూన్ -ఎ కొట్టబోతే ఆపండి, ఏ కంటైనరూ వాడని ఇమేజ్‌లన్నిటినీ అది తీసేస్తుంది, మీ మార్పుముందు ఇమేజ్ కూడా అందులోనే పోతుంది. ఆ టార్ ఫైలు ఇంకో కాపీ వేరే డిస్క్‌లో ఉంచండి, టకటకమనే దాంట్లో కాదు.